ఎర్రదారం, నీలందారం

జూన్ 14

వదినగారికి,

మీరు పంపిన అట్టపెట్టె నిన్న మధ్యాహ్నం క్షేమంగా చేరింది. మీ గుడ్ల వ్యాను నడిపే మీసాలాయన దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పైకి మెట్లెక్కబోతుంటే, మేముండేది కింది వాటా అని చెప్పి వెనక్కి పిలిచాను. ఐదు కోడిపిల్లలూ బతికే ఉన్నాయి. మూడు తెల్లటివి, ఒంటినిండా మచ్చలు. రెండు గోధుమరంగువి. ఆ రెండింటిలో ఏది ఏదో దేవుడికే తెలియాలి.

ఫోను చేద్దామంటే మీకు వినపడదు. అందుకే పెన్ను పట్టాను. సుద్దముక్కతో బట్టల మీద గీతలు గీసుకునే చెయ్యి కదా, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకోండి.

మీ తమ్ముడికి కాలు కాస్త నయం. గోడ పట్టుకుని పెరటి గుమ్మం దాకా వస్తున్నారు. కుడిచెయ్యి మాత్రం ఇంకా ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది. మాట సంగతి మీకు తెలిసిందే. మిగిలింది ఒక్కటే, "అదే". ఆకలేసినా అదే, నిద్రొచ్చినా అదే, నేను చొక్కా తిరగేసి తొడిగినా అదే. బస్సు నడిపినంతకాలం దారి పొడవునా జనంతో కబుర్లాడిన మనిషి!

నిన్న పెట్టె మూత తీయగానే గోధుమరంగు పిల్లల్లో ఒకటి ఎగిరి ఆయన మోకాలి మీద వాలింది. "అదే!" అన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మాట అంత సంతోషంగా అనడం ఇదే మొదలు. ఆ పిల్ల కాలికి ఎర్రదారం కట్టాను. దాని జోడీకి నీలందారం.

ఒక్కటే నా భయం. పై వాటాలో ఉండే ఇంటాయనకు గుండె ఆపరేషన్ అయింది. రాత్రంతా జాగారం చేసి తెల్లవారే వేళకు గానీ కన్ను మూయరట. ఇంటావిడ సరేనంటూనే వేలు చూపించి మరీ చెప్పింది: "పెట్టలైతే పెంచుకోండి. ఒక్క కూత వినపడిందంటే మాత్రం ఐదూ వెళ్ళిపోవాల్సిందే." ఇవన్నీ పెట్టలేనా వదినా? నాకు కోడంటే పొయ్యి మీదకు వచ్చాక తప్ప తెలియదు. పెట్టనూ పుంజునూ ఎలా గుర్తుపట్టాలో రాయండి.

మీ మరదలు

జూన్ 25

మరదలా,

పెట్టలేనా అని అడిగావు. పుట్టిన మర్నాడు నేనే ఒక్కొక్క దాని రెక్క విప్పి చూసి ఏరాను. పెట్టపిల్లకు రెక్క ఈకలు ఒకటి పొడుగు ఒకటి పొట్టి ఉంటాయి. పుంజుపిల్లకు అన్నీ కత్తిరించినట్టు ఒకే ఎత్తు. నా మందలో ఈ గుర్తు ఇంతవరకూ తప్పలేదు. నువ్వు కూర్చుని కోడిగుడ్డుకు ఈకలు పీకకు.

దాణా పొడిగా పెట్టు. నీళ్ళ గిన్నె కడుగుతూ ఉండు. పిల్లి రాకుండా గంప మీద రాయి పెట్టు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. కోళ్ళ గురించి అంత పొడుగు రాశావు, వాడి గురించి నాలుగు ముక్కలు రాసి సరిపెట్టావు. తింటున్నాడా? నిద్రపోతున్నాడా? వాడికి చల్లారితే ముద్ద దిగదు, చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు మిషను మీద కూర్చున్నావంటే పక్కన పిడుగు పడినా లేవవని వాడే నవ్వుతూ చెప్పేవాడు.

వచ్చి చూద్దామంటే నా మోకాలు నన్ను గేటు దాకా కూడా తీసుకుపోవడం లేదు. ఈ మందను ఎవరి మీద వదిలి రాను? వినపడక, నడవలేక, రాయడం ఒక్కటే మిగిలింది నాకు.

నీ వదిన

జులై 20

వదినగారికి,

ఆయన తింటున్నారు. వేడిగానే పెడుతున్నాను. మిషను పెరటి గుమ్మం పక్కకు జరుపుకున్నాను కూడా, ఆయన కనపడేలా. అంచులు కుడుతూ తలెత్తితే చాలు.

ఇప్పుడు కోళ్ళ సంగతి రాయక తప్పదు, ఎందుకంటే ఆయన సంగతీ అందులోనే ఉంది. ఎర్రదారం పొద్దున గంప తీయగానే నేరుగా ఆయన దగ్గరికే వస్తుంది. మోకాలెక్కి, మెడ నిక్కించి, మా అందరికీ తానే పెద్దదిక్కన్నట్టు చూస్తుంది. మొన్న అది జారబోతే, పడిపోతుందన్న కంగారులో కుడిచేతి వేళ్ళు రెండు మడిచారు వదినా! నా కళ్ళతో చూశాను. ఆసుపత్రి నుంచి వచ్చి కసరత్తులు చేయించే అమ్మాయికి చెబితే, ఆవిడ ఆ కోడికి దణ్ణం పెట్టి, "నా జీతంలో సగం నీకే" అంది.

కానీ ఎర్రదారం నెత్తిమీద జుట్టు కాస్త ఎర్రబడుతోంది. నీలందానికీ ఎర్రబడుతోంది. తెల్లవాటికి మాత్రం ఇంకా పాలిపోయే ఉంది. నీలంది పిరికిది, ఎప్పుడూ తెల్లవాటి వెనక నక్కుతుంది, గట్టిగా దగ్గినా పారిపోతుంది. ఎర్రదారానికే ధైర్యమంతా. నిన్న ఇంటావిడ బట్టలారేయడానికి దిగి, దాన్ని చూసి, "ఇది పుంజు వాలకంలా ఉందే" అంది. బొమ్మ గీసి పంపుతున్నాను, చూసి చెప్పండి.

మీ మరదలు

ఆగస్టు 2

మరదలా,

నువ్వు గీసిన బొమ్మ మీసాలాయనకు చూపించాను. కాసేపు తిప్పి తిప్పి చూసి, నక్క అన్నాడు. జాకెట్టుకు కొలతలు తీయడం వేరు, కోడి బొమ్మ గీయడం వేరు. ఇకమీదట గీయకు.

జుట్టు ఎర్రబడితే పుంజేనని చెప్పలేం. గుడ్డుకు రాబోయే పెట్టకూ ఎర్రబడుతుంది. కాళ్ళు చూడు, పుంజుకు లావుగా ఉంటాయి. నిలబడే తీరు చూడు, రొమ్ము విరుచుకుని ముందుకొచ్చేది చాలావరకు పుంజే. అన్నిటికన్నా నమ్మదగ్గది ఈక. మెడ వెనకా, నడుం మీద తోకకు ముందరా ఉండే ఈకలు పుంజుకు సూదిగా, పొడుగ్గా ఉంటాయి. పెట్టకు కొస గుండ్రంగా, వేలిగోరులా ఉంటుంది. రెండింటి ఈకలూ దారంతో సహా కవరులో పెట్టి పంపు. నా చేతికి వస్తే నిమిషంలో తేలుస్తాను.

నా ఏరివేత తప్పిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. కానీ పై వాటాలో మనిషి ప్రాణం సంగతి, మొండికేయకూడదు.

వాడు వేళ్ళు మడుస్తున్నాడని రాసిన ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

నీకు పని, ఇల్లు, ఇదంతా ఒక్కదానివే. మరీ కష్టంగా ఉంటే ఇక్కడికి పంపించెయ్. నేను చూసుకుంటాను. ఇక్కడ చోటుకేం తక్కువ, తిండికేం తక్కువ? మొహమాటపడకు.

నీ వదిన

ఆగస్టు 14

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. పంపించెయ్ అన్నారు. మీరు పెద్దవారు, ఎదురు చెప్పకూడదు. కానీ మీ తమ్ముడు నాకు బరువైపోయారని నేనెప్పుడైనా అన్నానా? ఆయనకు స్నానం చేయించడం, గడ్డం గీయడం, ఆ ఒక్క మాటలో పదిహేను అర్థాలు వెతుక్కోవడం నా పని. ఎవరికో అప్పగించే సామాను కాదు ఆయన.

అడిగిన ఈకలు పంపుతున్నాను. ఎర్రదారం చుట్టినవి ఎర్రదానివి, నీలం చుట్టినవి నీలందానివి.

మరదలు

ఆగస్టు 25

ఓసి పిచ్చిదానా,

పంపించెయ్ అన్నది కోడిని! మనిషిని పంపించెయ్ అనడానికి నాకేమైనా మతిపోయిందా? ముందు మాటలు చదవవు, వెనక మాటలు చదవవు, నడుమ ఒక్క ముక్క పట్టుకుని గుండెలు బాదుకుంటావు. కోడి గురించి అడిగావు, కోడి గురించి చెప్పాను. చదివి నాకు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, తర్వాత రెండూ పోయాయి. వాడికి నువ్వున్నావు. అంతకన్నా నాకేం కావాలి?

ఇక ఈకలు. కవరులోంచి తీసి ఎండలో పెట్టి చూశాను. నీలందారం చుట్టినవి గుండ్రంగా ఉన్నాయి, పెట్టవి. ఎర్రదారం చుట్టినవి సూదిమొనలు. అనుమానం లేదు, ఎర్రదారమే పుంజు. రొమ్ము విరుచుకుని తిరుగుతుందని నువ్వే రాశావు కదా. నాలుగు పెట్టల్లో ఒక పుంజు దూరింది, నా చెయ్యే తప్పింది, ఒప్పుకుంటున్నాను.

వాడు దాని మీద ప్రాణం పెట్టుకున్నాడని తెలుసు. ఏం చేస్తాం? ఒక్కదాన్ని ఉంచుకోబోతే ఐదూ పోతాయి. ఇంకా గొంతు విప్పకముందే మీసాలాయనతో పంపించెయ్. కోయనులే, నా మందలో తిరుగుతుంది. వాడికి నెమ్మదిగా నచ్చజెప్పు.

నీ వదిన

సెప్టెంబరు 9

వదినా,

నిన్న పంపించాను. మీకు ఈపాటికి చేరి ఉంటుంది.

ఆయనకు చెప్పకుండా పంపడం నాకు మనసొప్పలేదు. రెండు గోధుమరంగు కోళ్ళనూ చెరో చంకలో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. "చూడండి, ఒకటి పుంజు. అది ఇక్కడుంటే ఇంటివాళ్ళు అన్నిటినీ తీసేయమంటారు. మీ అక్కగారి దగ్గరికి పంపుదాం. అక్కడ హాయిగా ఉంటుంది. ఎర్రదారాన్ని పంపనా?" అన్నాను.

ఆయన ఎర్రదారం మీద చెయ్యి వేసి, "అదే" అన్నారు.

"అదేనా పంపేది? నిజంగా?"

"అదే. అదే, అదే."

తల కూడా ఊపారు. నేను ఏడ్చేశాను వదినా, ఎంత అర్థం చేసుకున్నారు అని. ఆయనే దాన్ని నిమిరి నిమిరి నా చేతికి ఇచ్చినట్టు అనిపించింది. మీసాలాయన గంపలో పెట్టి మూత వేశాడు. వ్యాను కదిలింది. అప్పుడు ఆయన లేచి నిలబడి "అదే!" అని ఒక్క అరుపు అరిచారు. వీధి మలుపు దాకా వినపడి ఉంటుంది. గోడ పట్టుకోకుండా రెండడుగులు వేసి పడబోయారు.

అప్పటికి గానీ నాకు తెలియలేదు. నేను ఏది పంపాలని అడిగాను, ఆయన ఏది తనదో చెప్పారు.

ఈ ఉదయం పెరటి గుమ్మం వైపు తిరగలేదు. కుర్చీ అటు వేస్తే గోడవైపు తిప్పమని చెయ్యి ఊపారు. అన్నం పక్కన పెట్టేశారు. కసరత్తుల అమ్మాయి వస్తే చెయ్యి ఇవ్వలేదు. ఆయన ఒక్క మాటనే సరిగ్గా వినలేని దాన్ని, ఇంకేం చూసుకుంటాను? మీరు ఏదైనా చెప్పండి.

మీ మరదలు

సెప్టెంబరు 17

మరదలా,

కూర్చుని చదువు.

నువ్వు పంపింది పెట్ట. గంప మూత తీయగానే తెలిసింది. నడుం మీద ఈకలు ఎంత గుండ్రంగా ఉన్నాయంటే గుడ్డివాడు తడిమినా చెబుతాడు. వీపు మీద చెయ్యి వేస్తే అణిగి కూర్చుంటోంది, అది గుడ్డుకొచ్చే పెట్ట లక్షణం. ఈ ఉదయం నా గడ్డివామి పక్కన గుడ్డు పెట్టింది కూడా. చిన్నది, గోధుమరంగు. దాచి ఉంచాను.

అయితే నాకు వచ్చిన ఆ సూది ఈకలు ఎవరివి? ఎక్కడి నుంచి పీకావు? కోడిని పట్టుకుని పీకావా, నేల మీద ఏరావా? నాకు ఒళ్ళు మండిపోతోంది. నీ మీద కాదు, నా మీదా కాదు, ఈ కవర్ల మీద. ఒక్కసారి చేత్తో తడిమితే తేలిపోయేదాన్ని ఇంత దూరం నుంచి కాగితాల మీద తేల్చబోయాం.

పెట్టను వచ్చే ట్రిప్పులో తిరిగి పంపుతున్నాను. వాడి మోకాలి మీద వాడి కోడిని కూర్చోబెట్టు. నీలందాన్ని వెంటనే మీసాలాయనకు ఇచ్చెయ్, అదే పుంజు.

నీ వదిన

సెప్టెంబరు 18

వదినా,

నీలంది కూసింది.

నిన్న తెల్లవారకముందు. ఎప్పుడూ తెల్లవాటి వెనక నక్కే ఆ పిరికిది గంప కిందనే మెడ సాచి కూసింది. మొదటిసారి గొంతు జీరగా, తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. కలేమో అనుకున్నాను. రెండోసారి సందేహం లేకుండా కూసింది. నేను పరుగెత్తుకెళ్ళి దుప్పటి కప్పాను, దాన్ని ఎత్తుకుని ఒళ్ళో అదుముకున్నాను. నా ఒళ్ళోనే ఇంకోసారి కూసింది.

పైన తలుపులు తెరుచుకున్నాయి, నడకలు వినపడ్డాయి. ఇంటాయన ఉలిక్కిపడి లేచారట, ఆయాసం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణభయం లేదంటున్నారు గానీ ఇంకా ఇంటికి పంపలేదు. సాయంత్రం ఇంటావిడ కిందికి వచ్చింది. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆవిడ ఏడ్చింది. "మీ ఇంట్లోనూ మనిషి బాగాలేరు, నాకు తెలుసు. కానీ నాకు మాత్రం ఎవరున్నారు?" అంది. ఐదూ పంపేస్తానని నా నోటితో నేనే చెప్పాను. ఇప్పుడు నాలుగే కదా ఉన్నది.

ఈకల సంగతి మీరు అడగకముందే చెబుతున్నాను. ఎర్రదారాన్ని పట్టుకుని ఈకలు పీకుతుంటే ఆయన నా చెయ్యి తోసేశారు. దానికి నొప్పి అని. అందుకని నేల మీద రాలిన గోధుమరంగు ఈకలు ఏరాను. ఆయన కుర్చీ కింద దొరికినవి ఎర్రదానివే అనుకుని ఎర్రదారం చుట్టాను, గంప దగ్గరవి నీలందానివి అనుకుని నీలం చుట్టాను. ఆ పిరికిది ఎవరూ లేనప్పుడు ఆ కుర్చీ కిందే పడుకుంటుందని నాకేం తెలుసు?

అంటే నేను పంపింది పెట్టనే కదా వదినా. ఆయన పెట్టనే.

మీ మరదలు

సెప్టెంబరు 30

వదినా,

ఈ ఉత్తరం మీ తమ్ముడి చొక్కా జేబులో పెడుతున్నాను. ఆయనతో పాటే మీకు చేరుతుంది.

మీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎదురెదురు దాటిపోయాయి. మీసాలాయన ఈ మధ్యాహ్నం పెట్టను తెచ్చాడు. గంప మూత తీస్తే అది నేరుగా వచ్చి ఆయన మోకాలెక్కింది. ఆయన మొహం చూసి నేను తలతిప్పుకున్నాను, ఎందుకంటే తెచ్చిన బండిలోనే దాన్ని తిరిగి పంపాలి. ఇంటాయన నిన్ననే ఆసుపత్రి నుంచి వచ్చారు, పైన పడుకుని ఉన్నారు. ఇప్పుడు వెళ్ళి, ఇదొక్కటి పెట్ట, ఉంచుకుంటాం అని ఏ మొహం పెట్టుకుని అడగను? ఇదివరకు అన్నీ పెట్టలే అన్నది నేనే కదా.

మిగతా నాలుగింటినీ ఎక్కించాం. ఎర్రదారం కోసం చెయ్యి చాపాను. ఇవ్వలేదు. ఎడమచంకలో అదుముకుని లేచారు. గోడ పట్టుకుని, తర్వాత వ్యాను పట్టుకుని ముందు తలుపు దాకా వెళ్ళి, డ్రైవరు పక్క సీటులో కూర్చున్నారు. ఎంత బతిమాలినా దిగలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకుంటే ఎదురుగా అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తున్నారు, బస్సు నడిపేటప్పుడు చూసినట్టు.

"చీకటి పడేలోపు చేరాలమ్మా. ఏం చెయ్యమంటారు?" అంటున్నాడు మీసాలాయన.

ఏం చెయ్యమనను? నాతో రమ్మని ఆయన ఒక్క సైగ చేస్తే ఇల్లు తాళం వేసి ఎక్కేదాన్ని. చెయ్యలేదు. నర్సుల యూనిఫారాలు కత్తిరించి పరిచి ఉన్నాయి, అవి కుట్టి ఇస్తేనే నెల గడుస్తుంది. రాత్రి మాత్ర భోజనం తర్వాత, పొద్దుటిది ముందు. ఎడమవైపే నమిలిస్తే మంచిది. నీళ్ళు కొద్దికొద్దిగా. చెప్పులు నేనే తొడుగుతాను, కుడికాలు ముందు.

పంపించెయ్ అని మీరు అన్నది కోడినే అని తెలుసు. అయినా రెండూ వస్తున్నాయి.

మరదలు

అక్టోబరు 12

మరదలికి,

వాడు బాగానే ఉన్నాడు. రెండు పూటలా తింటున్నాడు. పొద్దెక్కేసరికి కోళ్ళ దొడ్లో స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఎర్రదారం పక్కనే ఉంటుంది. నీలంది ఇక్కడికి వచ్చాక పిరికితనం మరిచిపోయింది, నా ముసలి పుంజును తరుముతోంది. దాన్ని అదిలించలేక నా గొంతు పోతోంది. అది పోయినా నాకు వినపడదనుకో.

నిన్ను వదిలి వచ్చాడని మనసులో పెట్టుకోకు. వాడు నిన్ను వదల్లేదు, కోడిని పట్టుకున్నాడు, అంతే. పట్టుకునే చెయ్యి ఒకటే ఉంటే మనిషి ఏం చేస్తాడు?

ఇప్పుడు అసలు సంగతి. వాడి నోట కొత్త మాట వస్తోంది. నిజం. "అదే" అనేటప్పుడు పెదవులు కలవవు, అది నాకు బాగా తెలుసు. నాలుగు రోజుల నుంచి పెదవులు కలిసి, తర్వాత గుండ్రంగా తెరుచుకుంటున్నాయి. చిన్న మాట. మొదటిసారి చూసి నా చేతిలో దాణా గిన్నె పడిపోయింది. ఏమన్నావురా అని ఎన్నిసార్లు అడిగినా నవ్వుతాడు, "అదే" అంటాడు.

మీసాలాయనను దొడ్డి బయట నిలబెట్టి వినమన్నాను. కొత్త మనిషి ఉంటే వాడు నోరు విప్పడు. ఇంతకాలం నా చెవులు పోయాయని నేను ఏడవలేదు. ఇప్పుడు ఏడుస్తున్నాను. తమ్ముడు నా ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే ఏమన్నాడో తెలియడం లేదు. యూనిఫారాలు ఎవరికైనా అప్పగించి రా. వచ్చి విను.

నీ వదిన

అక్టోబరు 29

వదినా,

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. మీరు కట్టిచ్చిన గుడ్లలో ఒక్కటే పగిలింది.

మీ దగ్గరున్నన్ని రోజులూ నేను ఆయన నోటి వైపే చూస్తూ కూర్చున్నానని, అలా చూస్తే కోడి కూడా గుడ్డు పెట్టదని మీరు నవ్వారు. నిజమే, నా ముందు "అదే" తప్ప ఇంకోటి రాలేదు. మీకు భ్రమేమో అనుకున్నాను, మీ ఎదుట కాగితం మీద ఆ ముక్క రాయలేకపోయాను.

వ్యాను దగ్గర ఏమైందని మీరు వరండాలోంచి చేతులు తిప్పి తిప్పి అడిగారు. మీసాలాయన హారను కొడుతున్నాడు, నాకు కళ్ళు కనపడటం లేదు, రాసి చూపించే పరిస్థితి కాదు. ఇప్పుడు చెబుతున్నాను.

నేను మెట్టు మీద కాలు పెట్టగానే ఆయన వెనక నుంచి నా మణికట్టు పట్టుకున్నారు. తిరిగి చూశాను. పెదవులు కలిశాయి, మీరు రాసినట్టే, గుండ్రంగా తెరుచుకున్నాయి. "పో" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ, "పో. పో."

పెళ్ళయిన నాటి నుంచీ ఎంత కోపంలోనూ ఆయన నన్ను ఆ మాట అనలేదు వదినా. మీసాలాయన, "అన్న పొమ్మంటున్నాడు కదమ్మా, ఎక్కండి, పొద్దుపోతోంది" అన్నాడు. సరే పోతాను అనుకుని చెయ్యి లాక్కోబోయాను. రాలేదు. "పో" అంటున్నారు, పట్టు బిగిస్తున్నారు. "పో" అంటున్నారు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. వేళ్ళు విడదీద్దామని కిందికి చూశాను. ఎడమచంకలో కోడి ఉంది. నన్ను పట్టుకున్నది కుడిచెయ్యి.

ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. చచ్చిన వేళ్ళు అనుకున్నవి, ఎంత గట్టిగా పట్టుకున్నాయో! ఆ చేతిని అలా విప్పి వచ్చేసినందుకు దారి పొడవునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

సగం దారిలో తట్టింది ఆ మాట ఎక్కడిదో. మీరు రోజంతా నీలందాన్ని అదిలిస్తూ దొడ్డి అదిరేలా అరుస్తారే, "పో, పో" అని. మీకు వినపడదు గానీ అక్కడ అందరికీ వినపడే మాట అదొక్కటే. ఆయనకు దొరికిన కొత్త మాట అదే. ఉన్నవి రెండు మాటలు. అందులో ఒకటి పెట్టి నన్ను ఉండమన్నారు. మీసాలాయన పొమ్మన్నాడనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఆయన చేతిలో ఉన్నది అది, అంతకు మించి ఆయన ఏం చెప్పగలరు, నేను ఏం వినగలను?

పొద్దున కసరత్తుల అమ్మాయిని కలిశాను. ఏయే వ్యాయామాలు ఎలా చేయించాలో నాకు నేర్పుతానంది, ఆ తర్వాత నెలకోసారి చూపిస్తే చాలట. ఇంటావిడకు ఖాళీ చేస్తున్నానని చెప్పాను. అక్కడ కుట్టించుకునేవాళ్ళు దొరుకుతారో లేదో తెలియదు. ఆయన ఇక మూడో మాట నేర్చుకుంటారో లేదో, అదీ తెలియదు.

మీ వరండాలో పగటిపూట వెలుతురు ఏ వైపు నుంచి పడుతుందో చూసి రాయండి. మిషను అక్కడ వేసుకోవాలి. దానికి మెత్తటి నూనె గుడ్డలు చుట్టి, మీసాలాయన వచ్చే ట్రిప్పుకు సిద్ధం చేస్తున్నాను.

మీ మరదలు